బుల్లిరాజుగారి తోటలో సున్నం అంకెలు

1982 జూన్ 14, సోమవారం. ఉదయం ఆరున్నరకి గుబ్బలపాలెంలో బుల్లిరాజుగారి కొబ్బరితోటలో ప్రతి చెట్టు మీదా సున్నంతో రాసిన అంకె ఉంది. వీధి వైపు చెట్టు మీద 1. కాలవ గట్టు మీది చెట్టు మీద 186. ఆ చివరి అంకె కింద ఒక బాణం గుర్తు కూడా ఉంది. బాణం కరణం కేశవరావుగారి తోట వైపు చూపిస్తోంది.

మొదట చూసినవాడు వీర్రాజు. చెట్లెక్కి కాయలు దింపడం అతని పని. ఆ రోజు బుల్లిరాజుగారి తోటలో దింపు. మొలకి కత్తి దోపి, కాళ్ళకి తాడు తగిలించి, మొదటి చెట్టు పట్టుకోబోతూ అంకె చూశాడు. పక్క చెట్టు చూశాడు. దాని పక్క చెట్టు చూశాడు. తాడు తీసి భుజాన వేసుకుని బుల్లిరాజుగారి ఇంటికి వెళ్ళాడు.

"గవర్నమెంటు చెట్లు నేనెక్కనండి" అన్నాడు.

అంతకు నాలుగేళ్ళ కిందట పక్క ఊళ్ళో మురుగుకాలవ వెడల్పు చేశారు. ముందు కొబ్బరిచెట్లకి సున్నంతో అంకెలు వేశారు. వారం తిరక్కుండా గొడ్డళ్ళు వచ్చాయి. అప్పట్నుంచి ఆ చుట్టుపక్కల కొబ్బరిచెట్టు మీద సున్నం అంకె కనబడితే అర్థం ఒక్కటే. చెట్టు పోతుంది. చెట్టు కింద నేలా పోతుంది.

తోట పక్క పెంకుటింట్లో ఆ సమయానికి సువర్ణ పొయ్యి దగ్గర గంజి వారుస్తూ ఆ రోజు పాఠం ఆలోచిస్తోంది. ఏడు నుంచి ఎనిమిది దాకా ఎక్కాలు. తర్వాత చిత్రలేఖనం. మధ్యాహ్నం ఎండ తగ్గాక కాలవ గట్టున ఆకులు ఏరడం. ఆమె రాజమండ్రిలో టీచరు ట్రైనింగు అయింది. ఉద్యోగం ఇంకా రాలేదు. ఆమెకి విద్యార్థులు ఇద్దరు. ఎనిమిదేళ్ళ సుందరి, ఆరేళ్ళ జోజి. ఇద్దరూ ఆమె పిల్లలే.

సుందరిని రెండేళ్ళ కిందట ఊళ్ళో స్కూలుకి పంపారు. మూడో రోజున ఆ పిల్ల సూర్యారావు మాస్టార్ని, చంద్రుడు పగలు కూడా ఎందుకు కనిపిస్తాడని అడిగింది. "అది నాలుగో తరగతిలో ఉంది. అప్పుడు అడుగు" అన్నారు మాస్టారు. నాలుగో రోజు నుంచి సువర్ణ పిల్లని ఇంట్లోనే కూర్చోబెట్టింది. జోజిని అసలు పంపనేలేదు.

ఇబ్బంది ఏమిటంటే, పిల్లలకి చదువు మీద ఉన్న ఇష్టం ఇంటి గోడలు దాటి వెళ్ళేది. మార్చిలో బుచ్చమ్మగారు పొదగేసిన పదకొండు గుడ్లలో జోజి రోజుకొకటి చొప్పున నాలుగు పగలగొట్టాడు, లోపల పిల్ల ఎంతవరకు వచ్చిందో చూడ్డానికి. మేలో సుందరి చర్చి ఆవరణలో నూతి లోతు కొలవాలని తాడుకి ముళ్ళు వేసి వదిలింది. తాడూ బొక్కెనా రెండూ నూతిలోనే ఉన్నాయి. ఆ సాయంత్రం సువర్ణ భర్త ప్రకాశరావు చెప్పేశాడు.

"రెండు ఫిర్యాదులొచ్చేయి. ఇంకొక్కటి వచ్చిందా, మర్నాడే స్కూలు. మళ్ళీ మాటల్లేవు."

సువర్ణ సరేనంది. ఆ ఒప్పందానికి అప్పటికి ఇరవై మూడు రోజులు.

ఏడు కాకముందే బుల్లిరాజుగారు వాకిట్లోకి వచ్చారు. ఆయనకి అరవై రెండేళ్ళు. పైపంచె లేకుండా ఆయన వీధిలోకి రావడం సువర్ణ అంతవరకు చూడలేదు. వెనకాల వీర్రాజు ఉన్నాడు.

"సువర్ణమ్మా, మీ ఆయనున్నాడా?"

"లేరండి బాబాయిగారూ. తాలూకాఫీసులో జమాబందీ, శిస్తు లెక్కలండి. ఆరుకే సైకిలెక్కేరు."

బుల్లిరాజుగారు వీర్రాజు వైపు తిరిగారు. "విన్నావా? ఇవాళ ఆరుకే వెళ్ళిపోయేడంట."

"ఆయ్. విన్నానండి."

"ఏమైందండి?"

"నా తోటకి నంబర్లేసేసేరమ్మా. ఒక్క చెట్టు వదల్లేదు. నూట ఎనభై ఆరు."

గంజి గిన్నె సువర్ణ చేతిలో ఉంది. ఆ అంకె ఆమె ముందు రోజు రాత్రి అన్నాల దగ్గర విన్నది. "నూట ఎనభై ఆరు, అమ్మా" అన్నాడు జోజి. ఆమె సంతోషించి వాడికి ఇంకో చేపముక్క వేసింది.

ఆదివారం మధ్యాహ్నం పిల్లలిద్దరూ ఆ తోట లెక్కపెట్టి వచ్చారు. సుందరికి 184 వచ్చాయి, జోజికి 189. ఇద్దరూ కొట్టుకున్నారు. "లెక్కపెట్టిన చెట్టుకి గుర్తు పెట్టుకోండి, మళ్ళీ రాదు" అని చెప్పి, చేతికో సుద్దముక్క ఇచ్చి, సువర్ణ చర్చిలో స్త్రీల కూటానికి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి చీకటి పడింది.

ఆమె వెనక్కి తిరిగి చూసింది. ఇంటికి వెల్ల వేయగా మిగిలిన సున్నం కుండ గోడ పక్క బోర్లించి ఉంది. గుమ్మంలో నిలబడ్డ సుందరి గౌను అంచు తెల్లగా ఉంది.

"మీ ఆయన నీతో ఏం చెప్పలేదామ్మా?" అన్నారు బుల్లిరాజుగారు.

మూడో ఫిర్యాదు అదే. పంచె కట్టుకుని వాకిట్లో నిలబడి ఉంది.

"నాకేం తెలీదండి" అంది సువర్ణ.

బుల్లిరాజుగారు ఆమెని కాసేపు చూశారు. "తాలూకాఫీసు గుమాస్తా భార్య తెలీదంటోందంటే ఇంకేం కావాలిరా వీర్రాజూ. ఖాయం" అని వెళ్ళిపోయారు.

సువర్ణ తలుపు వేసింది.

"సుద్దముక్కతో గదే గుర్తు పెట్టమన్నాను?"

"సుద్ద అంటుకోలేదమ్మా. చెట్టు గరుకు" అంది సుందరి.

"ఆ బాణం ఏవిటి?"

"ఇవాళ ఎక్కణ్ణుంచి మొదలెట్టాలో మర్చిపోకుండా."

"ఎక్కణ్ణుంచి?"

"కరణంగారి తోట."

"ఇంకెక్కడైనా వేసేరా?"

"సున్నం అయిపోయిందమ్మా" అన్నాడు జోజి.

ఎనిమిదింటికి సువర్ణ బొక్కెనలో నీళ్ళు, కొబ్బరిపీచు పట్టుకుని పెరటి దారిన తోటలోకి వెళ్ళింది. జనం వచ్చేలోపు ఆఖరి చెట్టు మీది బాణమైనా కడిగేద్దామని ఆలోచన. అక్కడ పదకొండు మంది ఉన్నారు. మధ్యలో కరణం కేశవరావుగారు ఉన్నారు. ఆయన బాణాన్ని చూస్తున్నారు. బాణం ఆయన తోటని చూస్తోంది.

"మీకు తెలీకుండా ఊళ్ళో సర్వే జరుగుద్దాండీ?" అని ఎవరో అడిగారు.

కేశవరావుగారు ముప్ఫై ఒక్క ఏళ్ళుగా కరణం. ఆ ఊళ్ళో తనకి తెలియనిది ఉందని ఆయన ఇంతవరకు ఒప్పుకోలేదు.

"తెలీకపోవడవేవిటయ్యా. కాగితం వచ్చి రెండు నెలలైంది. పైకి చెప్పకూడదన్నారు, చెప్పలేదు."

"దేనికండీ, కాలవకా?"

కేశవరావుగారు బాణం చూపిస్తున్న దిక్కుగా చూశారు. తన తోట, దాని వెనక పొలాలు, ఆ వెనక ఆకాశం.

"రైలుకి" అన్నారు.

బొక్కెనతో సువర్ణ ఇంటికి వచ్చేసింది. ఎక్కాల పాఠం చెప్పడానికి కూర్చుంది. ఏడో ఎక్కం దగ్గర తనే తప్పింది. జోజి సరిదిద్దాడు.

రైలు లైను వస్తుందన్న మాట కోనసీమలో ఎన్నికలకొకసారి వినబడుతుంది. లైను తన తోటలోంచి పోతుందని మాత్రం అంతకు ముందు ఎవరికీ తెలియలేదు. తొమ్మిదింటికి ఇద్దరు మనుషులు ముప్ఫై నాలుగు సంతకాల అర్జీ పట్టుకుని సైకిళ్ళ మీద రాజోలు తాలూకాఫీసుకి వెళ్ళారు. పదింటికి బుల్లిరాజుగారి భార్య కామేశ్వరిగారు పాలేరు చేత పన్నెండు చెట్ల మీద అంకెలు గీకించారు. గవర్నమెంటు అంకె చెరిపితే జైలని కరణంగారు కబురు పెట్టారు. పదకొండింటికి ఆ పన్నెండు చెట్ల మీదా పాలేరే మళ్ళీ అంకెలు వేశాడు. స్కూలు తెరిచిన మొదటి రోజు అది. పిల్లలంతా అంకెలు చూడ్డానికి తోటకి వచ్చేశారు. పిల్లల్ని వెతుక్కుంటూ సూర్యారావు మాస్టారు వచ్చారు. ఆయనా ఉండిపోయారు.

పన్నెండున్నరకి సుందరి పెరట్లోంచి పరిగెత్తుకుంటూ వచ్చింది. ముఖం ఎర్రబడి ఉంది.

"అమ్మా! మన లెక్క ఎవరో ముందుకి తీసికెళ్ళిపోయేరు!"

"ఏ లెక్క?"

"నూట ఎనభై ఏడు నుంచమ్మా. ముత్యాలరాజుగారి తోటలో. రెండొందల ఇరవై దాకా వేసేరు. రెండొందల మూడు రెండుసార్లు వేసేరమ్మా! నేను వెళ్ళి దిద్దేసి రానా?"

ముత్యాలరాజు తోటలో చెట్లకి నలభై ఏళ్ళు దాటింది. కాపు తగ్గి మూడేళ్ళైంది. పరిహారం ఇచ్చేటట్టయితే తనకీ ఇవ్వాలని అతను ఇంట్లో సున్నం కలుపుకుని తనే అంకెలు వేసుకున్నాడు. అది చూసి కాలవ అవతల ఇంకో ఇద్దరు సున్నం నానబెట్టారు.

సువర్ణ పిల్లని గదిలో కూర్చోబెట్టి గడియ పెట్టింది. తర్వాత తనూ నేల మీద కూర్చుంది. సాయంత్రం ఆరింటికి ప్రకాశరావు వస్తాడు. ఆలోపు తనే చెప్పేస్తే బుల్లిరాజుగారు నవ్వి ఊరుకోవచ్చు. ఊరుకుంటే అది ఫిర్యాదు కాదు. ఫిర్యాదు కాకపోతే పిల్లలు ఇంట్లోనే ఉంటారు. రెండింటికి చీర మార్చుకుని బుల్లిరాజుగారి ఇంటికి బయల్దేరింది.

అరుగు మీద, అరుగు కింద కలిపి నలభై మంది దాకా ఉన్నారు. ఆమెని చూసి మాటలు ఆపారు.

"బాబాయిగారూ, క్షమించాలండి. ఆ అంకెలు గవర్నమెంటు వెయ్యలేదండి. మా పిల్లలేసేరండి."

బుల్లిరాజుగారు చుట్ట నోట్లోంచి తీశారు.

"ఏ పిల్లలు?"

"మా సుందరీ, జోజీనండి. లెక్కల పాఠం కోసవండి. నేనే గుర్తు పెట్టుకోమన్నానండి."

బుల్లిరాజుగారు సూర్యారావు మాస్టారి వైపు చూశారు. ఊళ్ళో చదువు సంగతి తేల్చాల్సింది ఆయనే.

"ఆ చిన్నాడికి ఎన్నేళ్ళు?" అన్నారు మాస్టారు.

"ఆరండి."

"ఆ పిల్లకి?"

"ఎనిమిదండి."

మాస్టారు నవ్వారు. "ఆరేళ్ళోడూ ఎనిమిదేళ్ళదీ తప్పు లేకుండా నూట ఎనభై ఆరు దాకా వేసేరంటే ఎవరు నమ్ముతారమ్మా? నా దగ్గర అయిదో తరగతోళ్ళే వంద దాటితే తడబడతారు."

ఆ మాట అన్నాక మాస్టారు చుట్టూ చూశారు. అయిదో తరగతి పిల్లల తండ్రులు ముగ్గురు అక్కడే ఉన్నారు. ముగ్గురూ ఆయన్నే చూస్తున్నారు.

"అదండీ సంగతి" అన్నాడు ముత్యాలరాజు. "జనం గోల చేస్తారని పైనుంచి చెప్పించేరు. ఇంటాయన చెబితే ఇంటావిడ వచ్చింది. ఆమెననుకుని ఏం లాభం లెండి."

"నిజం ఒట్టండి, ప్రభువు మీద" అంది సువర్ణ.

"ఒట్లు కూడా వేయించేరంటే పెద్ద ఆఫీసరే అయ్యుంటాడు" అన్నాడు వీర్రాజు.

కామేశ్వరిగారు లోపల్నుంచి మజ్జిగ తెచ్చి సువర్ణ చేతికిచ్చారు. "తాగమ్మా. నీ తప్పేం లేదు. ఉద్యోగాలంటే అంతే" అన్నారు. సువర్ణ మజ్జిగ తాగి ఇంటికి వచ్చేసింది. పుట్టి బుద్ధెరిగాక ఆమె నిజం చెబితే ఎవరూ నమ్మకపోవడం ఇదే మొదలు. పొద్దున్న చెప్పిన అబద్ధాన్ని మాత్రం అందరూ నమ్మారు.

నాలుగుంబావుకి జీపు వచ్చింది. అందులోంచి తాలూకా సర్వేయరు సాలమోనుగారు దిగారు. వెనకసీటులోంచి ప్రకాశరావు దిగాడు. అర్జీ పదకొండింటికి ఆఫీసుకి చేరింది. దాన్ని ఇన్‌వర్డు రిజిస్టరులో ఎక్కించినవాడు ప్రకాశరావే. తాసీల్దారు జమాబందీ వదిలి రాలేక సర్వేయర్ని పంపారు. ఊరు తెలిసినవాడని ప్రకాశరావుని తోడిచ్చారు. దారి పొడుగునా ప్రకాశరావు రైలు గురించే మాట్లాడాడు.

సాలమోనుగారు తోటలో ఇరవై చెట్లు చూశారు. జేబులోంచి టేపు తీసి అంకె నేల మీంచి ఎంత ఎత్తులో ఉందో కొలిచారు.

"మేవైతే నిలబడి వేస్తావండి. ఇవి రెండున్నర అడుగుల ఎత్తులో ఉన్నాయి. అయినా రైలని ఎవరు చెప్పేరు మీకు?"

అందరూ కరణంగారి వైపు చూశారు.

"కాగితం వచ్చింది" అన్నారు కేశవరావుగారు.

"ఏదండీ?"

"వెతకాలి."

సువర్ణ జనంలోంచి ముందుకి వచ్చింది. ప్రకాశరావు ఆమెని చూసి చెయ్యి ఊపాడు, ఇంటికి వెళ్ళమని. ఆమె వెళ్ళలేదు.

"సార్, మా పిల్లలేసేరండి. పొద్దున్నే చెప్పాల్సింది. మధ్యాహ్నం చెప్పేను. నమ్మట్లేదండి."

ప్రకాశరావు చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

"పిల్లల్ని తీసుకురండమ్మా" అన్నారు సాలమోనుగారు.

ఇద్దరూ వచ్చారు. జోజి చొక్కా గుండీలు పెట్టుకోలేదు. సాలమోనుగారు నేల మీద గొంతుక్కూర్చున్నారు.

"ఈ నంబర్లు ఎవరేసేరు నాన్నా?"

"నేనండి. మూడంకెలవీ, సున్నా ఉన్నవీ అక్క వేసిందండి. నాకు సున్నా సరిగ్గా రాదండి."

"నూట ఎనభై ఆరేనా? మళ్ళీ లెక్కపెట్టినా అంతే వస్తాయా?"

జోజి అక్క వైపు చూశాడు. సుందరి కళ్ళతో వద్దంది. అయినా వాడు చెప్పేశాడు.

"రావండి. నూట ఎనభై అయిదే. నూట నలభై మూడు తాడిచెట్టండి. చీకటిపడిపోయింది, అక్క చూసుకోలేదు. ఇవాళ పొద్దున్న కిటికీలోంచి చూసేను."

జనం కదిలారు. నూట ముప్ఫైలు దాటారు. నూట నలభై మూడు దగ్గర ఆగారు. ఒకరి తర్వాత ఒకరు తలెత్తి పైకి చూశారు. తాడాకులు గాలికి గలగలమంటున్నాయి.

ఆ రోజు ఆ తోటలోకి రెండొందల మంది దాకా వచ్చారు. కరణంగారు రెండుసార్లు తిరిగారు. మాస్టారు ఆ చెట్టుకే వీపు ఆనించి గంటసేపు కూర్చున్నారు. అందరూ అంకె చూశారు. చెట్టు చూసినవాళ్ళు లేరు.

"అది తాడేనండి" అన్నాడు వీర్రాజు. "నాకు తెలుసు. నన్నెవరూ అడగలేదు గదండి."

బుల్లిరాజుగారు జోజిని చూశారు. తర్వాత తన మనవణ్ణి చూశారు. మనవడికి పదకొండేళ్ళు, అయిదో తరగతి.

"ఏ క్లాసమ్మా నువ్వు?" అని సాలమోనుగారు సుందరిని అడిగారు.

"ఏ క్లాసూ కాదండి. ఇంట్లోనేనండి. మా అమ్మ చెబుద్ది."

సాలమోనుగారు కాగితం మీద నాలుగు వాక్యాలు రాసుకుని జీపెక్కారు. తనకొచ్చిన రైలు కాగితం పక్క ఊరిదై ఉంటుందని కేశవరావుగారు ఇద్దరు ముగ్గురితో అన్నారు. ముత్యాలరాజు పీచు పట్టుకుని తన తోటకి వెళ్ళాడు.

ఇంటికి వచ్చాక ప్రకాశరావు చొక్కా విప్పకుండా కుర్చీలో కూర్చున్నాడు.

"రేపటి నుంచి స్కూలు" అన్నాడు.

"బుల్లిరాజు బాబాయిగారు ఏమీ అనలేదు గదండీ. ఫిర్యాదెవరిచ్చేరు?"

"ముప్ఫై నాలుగు మంది. అర్జీ నేనే ఎక్కించేను సువర్ణా. నంబరు కూడా నేనే వేసేను."

ఒప్పందం ఒప్పందమే. జోజి ఏడ్చాడు. సుందరి ఏడవలేదు. తను నాలుగో తరగతికి ఎప్పుడొస్తుందో వేళ్ళ మీద లెక్కపెట్టుకుని, ఆ తర్వాత ఏడ్చింది.

జూన్ 15, మంగళవారం. ఎనిమిదిన్నరకి ప్రకాశరావు ఇద్దరికీ తల దువ్వి, పలకలిచ్చి, స్కూలు దాకా తనే దిగబెట్టి, అట్నుంచి అటే ఆఫీసుకి వెళ్ళాడు. సువర్ణ వసారాలో కూర్చుంది. గంజి వార్చలేదు. గోడ మీద ముందు రోజు ఎక్కం ఏడేళ్ళ నలభై తొమ్మిది దగ్గర ఆగి ఉంది.

ఎనిమిదీ నలభై అయిదుకి గేటు చప్పుడైంది. కామేశ్వరిగారు. ఆమె వెనక మనవడు, మనవరాలు. ఇద్దరి చేతుల్లోనూ పలకలు ఉన్నాయి.

"సువర్ణమ్మా, నువ్వు కాదనకూడదు. మీ బాబాయిగారు రాత్రి వీడిచేత లెక్క పెట్టించేరు. నూట తొమ్మిది తర్వాత రెండొందలన్నాడు."

"అది కాదండి పిన్నిగారూ, నేనసలు..."

"నీ పిల్లలతో పాటు ఓ మూల కూర్చుంటారమ్మా. మీ బాబాయిగారు పనసపండు కూడా పంపేరు."

నా పిల్లలు ఇక్కడ లేరు అని సువర్ణ చెప్పబోయింది. ఈలోపు ముత్యాలరాజు ముగ్గురు పిల్లల్ని తోలుకొచ్చాడు. బుచ్చమ్మగారు మనవణ్ణి ఎత్తుకొచ్చారు. మార్చిలో గుడ్లకోసం సువర్ణతో మాటలు మానేసిన మనిషి ఆమె. తొమ్మిదింటికి వసారాలో పంతొమ్మిది మంది ఉన్నారు. తొమ్మిదిన్నరకి కరణంగారి ఇద్దరు మనవలు పెరటి దారిన వచ్చారు. వాళ్ళతో పాటు ఇంకో పిల్ల ఉంది.

"ఎవరమ్మాయివి నువ్వు?" అంది సువర్ణ.

"సూర్యారావు మాస్టారి మనవరాల్నండి. ఇక్కడికొచ్చేనని తాతయ్యకి చెప్పొద్దందండి మా అమ్మ."

పదింటికి స్కూల్లో మాస్టారు హాజరుపట్టీ తీసి అయిదు తరగతులకీ పేర్లు పిలిచారు. కొత్తగా చేరిన పేర్లు రెండు చివర్న రాసి, అవీ పిలిచారు. ఆ రోజు హాజరు ఇద్దరు.